పావుకిలో లోపు డ్రోన్‌కీ హద్దులున్నాయి

డ్రోన్ సందేహాలకు జవాబులు

ప్రశ్న: నా డ్రోన్ 249 గ్రాములే. లైసెన్సు అక్కర్లేదన్నారు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఎగరేస్తే ఎవరైనా అడుగుతారా?
– పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: అడుగుతారు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకూ ఉన్నవి నానో డ్రోన్లు. వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, ఆకాశంలో గీసిన హద్దులకు బరువుతో పని లేదు. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి ఉండాలి, యెల్లో జోన్‌లో ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) అనుమతి ఉండాలి. మన విశాఖ విమానాశ్రయం ఉన్నదే నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగాలో. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రమూ ఇక్కడే. తమ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల మేర డ్రోన్లు ఎగరేయొద్దని నౌకాదళం 2021లోనే ప్రకటించింది. ఎందుకొచ్చిన గొడవని భీమిలి వైపు వెళ్లేవాళ్లు ఆ దారిలో మరో నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ కళింగ ఉందన్న సంగతి మరిచిపోతారు.

ఇంట్లోంచి బయల్దేరేముందే ఈ జోన్లను చూపే ప్రభుత్వ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీరు నిలబడబోయే చోటు చూసుకోండి. గ్రీన్ అయితే 120 మీటర్ల ఎత్తు వరకూ వెళ్లొచ్చు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యలో అయితే 60 మీటర్లే. పోయిన ఆదివారం చూశాం కదా అంటే కుదరదు, పోలీసులు 96 గంటల వరకూ తాత్కాలిక రెడ్ జోన్ పెట్టగలరు. అన్నట్టు, రెక్కలకు గార్డులు తగిలించాక తూచారా? 250 దాటితే అది మైక్రో, రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకోవాలి. మైక్రోని సరదాకి ఎగరేస్తే సర్టిఫికెట్ వద్దు, పెళ్లి షూటింగుకు డబ్బు తీసుకుంటే కావాలి. నిబంధనలు మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

ప్రశ్న: పొద్దున్నే సముద్రం మీదికి పంపితే డ్రోన్ జోరుగా పోతోంది, తిరిగొచ్చేటప్పుడు బ్యాటరీ చాలడం లేదు. ఎందుకని?
– పాఠకురాలు, మధురవాడ

జవాబు: ఆ వేళప్పుడు గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. పోయేటప్పుడు గాలివాటు, వచ్చేటప్పుడు ఎదురుగాలి. బ్యాటరీ 60 శాతం ఉండగానే వెనక్కి తిప్పండి, 30 శాతానికల్లా దించేయండి. ఎదురుగాలికి ముందుకు రాకపోతే ఎత్తు తగ్గించండి, కింద గాలి జోరు తక్కువ. అయితే నీటికి 5 మీటర్ల కన్నా దగ్గరికి పోవద్దు: కదిలే అలలను చూసి డ్రోన్ అడుగున ఉండే కెమెరా తికమకపడి డ్రోన్ పక్కకు జారిపోతుంది.

పడవ మీంచి లేపడం మరీ ప్రమాదం. పడవ కదిలిపోతుంది, డ్రోన్ మాత్రం తాను లేచిన చోటికే వచ్చి నీళ్లలో దిగుతుంది. కొండ మీంచి లేపేవాళ్లు ఇంకోటి గమనించాలి. యాప్‌లో కనపడే ఎత్తు లేచిన చోటి నుంచి లెక్క. తెర మీద 100 మీటర్లున్నా కొండ అంచు దాటగానే అసలు ఎత్తు 120 దాటిపోవచ్చు.

మన తీరంలోని నల్ల ఇసుకలో ఇనుప ఖనిజం ఉంటుంది, మోటారు అయస్కాంతాలకు అతుక్కుంటుంది. కింద పట్టా పరిచి లేపండి. రెక్కను చేత్తో తిప్పితే గరగరమంటే ఆ రోజుకి ఎగరేయొద్దు.

ప్రశ్న: ఐదుగురం ఎఫ్‌పీవీ డ్రోన్లు (కెమెరా బొమ్మను గాగుల్స్‌లో చూస్తూ నడిపేవి) ఎగరేస్తాం. ఒకరు బ్యాటరీ పెట్టగానే ఇంకొకరి గాగుల్స్‌లో బొమ్మ పోయి డ్రోన్ పడిపోతోంది.
– పాఠకుడు, గాజువాక

జవాబు: ఇద్దరూ ఒకే ఛానెల్‌లో ఉన్నారు. ఒకేసారి ముగ్గురే ఎగరేయండి: రేస్‌బ్యాండ్ అనే ఛానెళ్ల వరుసలో 1, 3, 5. అంటే 5658, 5732, 5806 మెగాహెర్ట్జ్. 7, 8 ఛానెళ్లు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే 5875 హద్దు దాటతాయి, వాటి జోలికి పోవద్దు. ఎవరి ఛానెల్ ఏదో రిమోట్ మీద స్టిక్కర్ అంటించుకోండి. గట్టిగా అడిగి, ఎగరేస్తున్నవాళ్లు సరేనన్నాకే బ్యాటరీ పెట్టాలి.

గాగుల్స్ పెట్టుకున్న మనిషికి చుట్టూ ఏముందో తెలీదు. మిగిలిన ఇద్దరిలో ఒకరు డ్రోన్లను, ఒకరు ఆకాశాన్ని, జనాన్ని చూస్తుండాలి. హెలికాప్టర్ చప్పుడు వినపడితే, అది కంటికి కనపడకముందే ‘దించు’ అనాలి. ఆ మాట విన్నాక వాదన ఉండకూడదు. మీ గుంపులో ఎవరైనా అలా దించనంటే ఆ రోజుకి ఆయన బ్యాటరీలు సంచీలో పెట్టించండి. పోలీసులొస్తే పట్టుకుపోయేది అందరి డ్రోన్లనీ.

ప్రశ్న: బ్యాటరీ కొంచెం ఉబ్బింది. వాడొచ్చా?
– పాఠకుడు, అనకాపల్లి

జవాబు: వద్దు. కొత్తది కొన్నాక మాత్రం నిండా ఛార్జ్ చేసి వారాల తరబడి ఉంచకండి, సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచండి.