కారవాన్ టాయిలెట్ వాసన: నీలం మందు బదులు మేం వాడుతున్నవి

మీ ప్రశ్న చదివాను అన్నా. పాత టెంపో ట్రావెలర్‌ను ఇంటివాళ్ల కోసం కారవాన్‌లా మార్పించుకున్నారు, అందులో క్యాసెట్ టాయిలెట్ (కింది ట్యాంకును బయటికి లాగి ఖాళీ చేసుకునేది) పెట్టించారు, ఎండలు ముదిరేసరికి వాసనకు బండి ఎక్కలేకపోతున్నారు, ట్యాంకులో వాసన రాకుండా పోసే, ఆన్‌లైన్‌లో దొరికే నీలం మందు ధర చూస్తే కొనబుద్ధి కావడం లేదు, చవకలో దారి ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది. మాది మిర్యాలగూడ, మూడేళ్లుగా మేమూ ఇలాంటి బండే వాడుతున్నాం.

మా బండిలో టాయిలెట్ పెట్టించింది మా అత్తమ్మ కోసం. ఆమెకు మోకాళ్ల నొప్పులు, పైగా షుగర్. దూరం వెళ్తున్నామంటే చాలు, పొద్దటి నుంచే నీళ్లు తాగడం మానేసేది. "తాగు అత్తమ్మా" అంటే "నాకు దూప అయితలేదు బిడ్డా" అనేది. దూప కాక కాదు, మధ్యలో ఎక్కడ దిగాలో, ఎక్కడ కూర్చోవాలో అని భయం. టాయిలెట్ ఉన్న బండి వచ్చాక కూడా, వాసన వస్తే మళ్లీ అదే పని చేసేది. అందుకే ఈ విషయాన్ని నేను పట్టుబట్టి నేర్చుకున్నాను.

మొదటి ఏడాది మే నెలలో శ్రీశైలం బయల్దేరాం. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరేసరికి రాత్రి 9 దాటింది. అమ్రాబాద్ అడవి దారిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు కదా, చెక్‌పోస్టు దగ్గరే పడుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి ట్యాంకులో పోసిన ఫినాయిల్ వాసన, దాని కిందినుంచి వచ్చే అసలు వాసన, మూలకు కట్టిన కలరా ఉండల ఘాటు, మూడూ కలిసి పిల్లకు వాంతి అయింది. అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తెల్లారేదాకా మేలుకునే ఉంది. వాసనను వాసనతో కప్పడం నేను ఆ రోజుతో మానేశాను.

అసలు వాసన ఎందుకు పుడుతుందంటే, మూత్రంలో ఉండే యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియాగా మార్చేస్తుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఈ పని త్వరగా జరుగుతుంది. మన ఎండల్లో మూసిన బండిలో చెప్పేదేముంది. ఈ క్యాసెట్ టాయిలెట్లు విదేశాల్లో కాగితం వాడేవాళ్ల కోసం చేసినవి. కింది ట్యాంకు పట్టేది సుమారు 20 లీటర్లు. మనం నీళ్లతో కడుక్కుంటాం కాబట్టి హెల్త్ ఫాసెట్ బిగిస్తే ఒక్క పూటలో నిండిపోతుంది, వేసిన మందు పలచబడి పనిచేయదు. మేం ఫాసెట్ తీసేసి, మొక్కలకు మందు కొట్టే చిన్న చేతి పంపు, లీటరున్నరది, కొత్తది కొని దానికే పెట్టాం. గాలి కొట్టి నొక్కితే సన్నటి ధార గట్టిగా వస్తుంది, ఒక మనిషికి గ్లాసెడు నీళ్లు సరిపోతాయి. మా బండిలో సగం సమస్య ఈ పంపుతోనే తీరింది.

మిగతా సగం గార. మన నల్లగొండ బోరు నీళ్లు ఎంత కఠినమో మీకు తెలుసు. టాయిలెట్‌లో పట్టే తెల్ల పొరను మా వైపు అందరూ ఫ్లోరైడ్ అంటారు గానీ అది ఫ్లోరైడ్ కాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వాటికి మూత్రం తోడైతే గరుకుగా, పసుపు పచ్చగా గడ్డకడుతుంది. ట్యాంకు ఎన్నిసార్లు కడిగినా వాసన పోనిది ఆ గరుకులో బ్యాక్టీరియా దాక్కోవడం వల్లే. వేలితో గీకి చూడండి, ఇసుక కాగితంలా తగులుతుంది.

దీనికి నిమ్మ ఉప్పుకు (సిట్రిక్ యాసిడ్) మించింది నాకు దొరకలేదు. కిరాణా షాపులో దొరికేదే. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాములు కరిగించి, ఖాళీ ట్యాంకులో పోసి, బాగా ఊపి రాత్రంతా వదిలేయండి. పొద్దున మళ్లీ ఊపి పారబోస్తే గార పెళ్లలుగా వస్తుంది. మొదటిసారి మాకు మూడు రాత్రులు పట్టింది. ఇప్పుడు నెలకోసారి చాలు. ప్రయాణం మొదలుపెట్టే ముందు కూడా ఖాళీ ట్యాంకులో లీటరు నీళ్లు, రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేస్తాను. పులుపు ఉన్నంతసేపు యూరియా అమ్మోనియాగా మారడం నెమ్మదిస్తుంది, అడుగున మలం అంటుకోదు. పై ఫ్లష్ ట్యాంకులో మాత్రం బోరు నీళ్లు పోయకండి. ఇంటికి వచ్చే భగీరథ నల్లా నీళ్లు క్యాన్‌లో పట్టుకెళ్లండి.

ఇక నేను ఇష్టంగా చేసేది బత్తాయి తొక్కల ద్రావణం. మన జిల్లాలో బత్తాయికి కరువు లేదు, జ్యూస్ బండి అతను తొక్కలు ఊరికే ఇస్తాడు. ఒక వంతు బెల్లం, మూడు వంతులు తొక్కలు, పది వంతుల నీళ్లు ప్లాస్టిక్ డబ్బాలో వేసి 90 రోజులు ఊరబెట్టాలి. పైన కొంత ఖాళీ వదలాలి. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గాలి పోనివ్వాలి. నేను నాలుగు రోజులు పెళ్లికి వెళ్లి మర్చిపోతే డబ్బా ఉబ్బి మూత ఎగిరి, వంటింటి గోడంతా తొక్కలు. వడకట్టిన ద్రావణాన్ని పదింతల నీళ్లలో కలిపి సీటు, గోడలు, నేల తుడుస్తాను. తుడిచాక ఫినాయిల్‌లా గొంతు పట్టదు, పుల్లటి వాసన కాసేపట్లో పోతుంది.

టాయిలెట్ క్లీనర్ యాసిడ్ మాత్రం వద్దు. కమోడ్‌కూ కింది ట్యాంకుకూ మధ్య జారే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పాడైతే వాసనంతా బండిలోకే. ఆ రబ్బరుకు వంటనూనె, వాజిలీన్ కాకుండా ఆటో స్పేర్ పార్ట్స్ షాపులో దొరికే సిలికాన్ స్ప్రే కొట్టండి. బ్లీచింగ్ పౌడర్‌ను నిమ్మ ఉప్పుతో గానీ, ఇంకే యాసిడ్‌తో గానీ అస్సలు కలపకండి. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, అంత చిన్న గదిలో ప్రాణం మీదికి వస్తుంది.

పెద్ద ప్రయాణాలకు మేం ఇంకో పద్ధతికి మారాం. క్యాసెట్‌ను మూత్రానికి, కడుక్కునే నీళ్లకు వదిలేసి, మలానికి మూత గట్టిగా పట్టే బకెట్ పెట్టాం. మా ఊళ్లో రైసు మిల్లులకు లెక్కలేదు, ఊక బస్తా సులువుగా దొరుకుతుంది. ఊక ఒక్కటే తడి పీల్చదు, నర్సరీలో అమ్మే కొబ్బరి పొట్టు సగానికి సగం కలపాలి. ప్రతిసారీ రెండు దోసిళ్లు కప్పాలి. మూత్రం, మలం రెండూ కలవకపోతే వాసన ఎంత తగ్గుతుందో చేసి చూస్తేనే నమ్ముతారు. బూడిద మంచిదని కొందరు చెప్తారు గానీ, నిల్వ ఉన్న మూత్రంలో పడితే ఘాటు ఇంకా లేస్తుంది.

ఖాళీ చేసే విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. సాగర్ కాలువలోనో, వాగులోనో, అడవిలోనో పోయకండి. క్యాసెట్ ట్యాంకును ఇంట్లో సెప్టిక్ ట్యాంకుకు కలిసిన టాయిలెట్‌లోనే పోయాలి. దారిలో అయితే సులభ్ కాంప్లెక్స్‌లోనో, బంకులోనో అడిగి పోసి, వాళ్లకు డబ్బులిచ్చి, ఆ చోటు మనమే కడిగి రావాలి. డబ్బులిస్తాం కదా అని ఎవరి చేతా ఎత్తించకండి. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా అది మన ఇంటి పని. ఫినాయిల్, ఘాటు రసాయనాలు పోస్తే సెప్టిక్ ట్యాంకులో మురికిని అరిగించే బ్యాక్టీరియా చస్తుంది, నిమ్మ ఉప్పు ఈ మోతాదులో ఇబ్బంది పెట్టదు. ఊక బకెట్‌ను మా చెలకలో బోరుకు దూరంగా గుంత తీసి పూడుస్తాం, ఏడాది దాకా కదపం.

ఎండాకాలంలో సగం నిండినా రెండు రోజులకోసారి ఖాళీ చేయండి. ఘాట్ దారి ఉంటే మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు, మలుపుల్లో కుదుపుకు పైకి కొడుతుంది. బండి ఇంటి దగ్గర ఆపినప్పుడు ట్యాంకు ఆరబెట్టి, దాని జారే తలుపు కొంచెం తెరిచి ఉంచండి. కంప్యూటర్ రిపేరు షాపులో దొరికే చిన్న 12 వోల్టుల ఫ్యాను ఒకటి టాయిలెట్ గదిలోంచి పైకప్పు పైపులోకి బిగించండి, గాలిని బయటికి లాగేలా. మా ఆయన ఆదివారం ఒక్క పూటలో బిగించాడు.

మీ ట్యాంకులో గార ఎంత ఉందో ముందు చూసి ఫొటో పెట్టండి. నిమ్మ ఉప్పు ఎన్ని రాత్రులు వేయాలో చూసి చెప్తాను.