కొత్త ఉద్యోగం, పాత కారు: ఇప్పుడే మార్చాలా?

ప్రశ్న: నేను అక్కయ్యపాలెంలో ఉంటున్నాను. ఇంతకాలం సిరిపురంలోని ఒక కార్యాలయంలో పనిచేయడం వల్ల కారు వాడకం తక్కువగానే ఉండేది. వచ్చే నెలలో పరవాడ ఫార్మా సిటీలోని ఒక కంపెనీలో చేరబోతున్నాను. ఆరు నెలలు ప్రొబేషన్. రానూపోనూ రోజుకు సుమారు 60 కిలోమీటర్లు తిరగాలి. నా పెట్రోలు కారు 2012లో కొన్నది. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆర్‌సీ గడువు 2027 మార్చితో ముగుస్తుంది. క్లచ్, సస్పెన్షన్, ఏసీ మూడింటికీ కలిపి 60 వేల రూపాయలు అవుతుందని మెకానిక్ చెబుతున్నాడు. షోరూమ్‌వారు ఎక్స్ఛేంజ్‌లో లక్షా పది వేలు ఇస్తామంటున్నారు. పదిహేనేళ్లు దాటితే ప్రభుత్వం కారును తుక్కు చేయిస్తుందని, ఇప్పుడే వదిలించుకోమని మా మామగారు తొందరపెడుతున్నారు. జీతం పెరుగుతోంది కాబట్టి అప్పు చేసి కొత్త కారు కొనడం మంచిదేనా?
– ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం, విశాఖపట్నం

జవాబు: మీరు కారు మార్చవలసిందే. అయితే ఆ పని ప్రొబేషన్ ముగిశాక, ఆర్‌సీ గడువు తీరకముందు చేయడం మేలని నా అభిప్రాయం. కొత్త ఉద్యోగం రావడం, పాత కారు మొరాయించడం ఒకేసారి జరగడంతో మీరు రెండింటినీ ఒకే ముడి వేసి చూస్తున్నారు. కారు ఇంకా ఎంతకాలం నడుస్తుందన్నది దాని అడుగుభాగాన్ని చూసి తేల్చుకోవలసిన విషయం. అప్పు ఎప్పుడు చేయవచ్చన్నది కొత్త కంపెనీలో మీ ఉద్యోగం స్థిరపడ్డాక తేల్చుకోవలసిన విషయం.

ముందుగా మీ మామగారి భయం సంగతి చూద్దాం. వయసు దాటిన బండ్లు రోడ్డెక్కకూడదన్న ఆంక్షలు, వాటి చుట్టూ నడిచిన వ్యాజ్యాలు ఢిల్లీ పరిసర ప్రాంతానికి సంబంధించినవి. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీలో బండి సరిగా ఉందని తేలితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. పదిహేనేళ్లు దాటిన కార్లకు ఈ రెన్యూవల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేశారు. హరిత పన్ను దానికి అదనం. కాబట్టి 2027 మార్చి తరువాత మీ కారును ఎవరూ బలవంతంగా పట్టుకుపోరు. కాకపోతే గడువు దగ్గరపడే కొద్దీ కొనేవారు బేరం గట్టిగా ఆడతారన్నది నిజం.

కొత్త కారు కొంటే పెట్రోలు ఆదా అవుతుంది కదా అని చాలామంది సమర్థించుకుంటారు. నెలకు పాతిక పని దినాలంటే మీ తిరుగుడు 1,500 కిలోమీటర్లు. పాత కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 100 లీటర్లు, కొత్తది 20 ఇస్తే 75 లీటర్లు. లెక్క సులువుగా ఉండడానికి లీటరు 110 రూపాయలు అనుకుంటే నెలకు మిగిలేది 2,750 రూపాయలు. ఆరు లక్షల అప్పును 9 శాతం వడ్డీకి ఐదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 12,450 రూపాయలు. ఆదా అయ్యే పెట్రోలు ఖర్చు అందులో నాలుగో వంతుకు కూడా చాలదు. అందువల్ల కొత్త కారుకు పెట్రోలును సాకుగా చూపకండి. అసలు కారణం వేరే ఉంది, దాని గురించి కింద చెబుతాను.

అప్పు విషయంలో బ్యాంకులు సాధారణంగా ఇటీవలి మూడు నెలల జీతం స్లిప్పులు అడుగుతాయి. ప్రొబేషన్‌లో ఉన్నారని తెలిస్తే కొన్ని వెనుకాడతాయి, కొన్ని వడ్డీ ఎక్కువ చెబుతాయి. పాత కంపెనీ నుంచి రావలసిన లెక్కలు తేలడానికి కూడా సమయం పడుతుంది. ఈ ఆరు నెలలూ ఆ 12,450 రూపాయలను జీతం పడిన రోజునే వేరే ఖాతాలోకి మార్చండి. చివరికి 75 వేలకు దగ్గరగా డౌన్ పేమెంటు సమకూరుతుంది. మూడో నెలలోనే ఆ ఖాతాలోంచి తీయవలసి వస్తే, ఆ వాయిదా మీ ఇంటి ఖర్చులకు మించినదని ముందే తెలిసిపోతుంది.

ఇక కారు సంగతి. పద్నాలుగేళ్లకు 92 వేల కిలోమీటర్లు పెట్రోలు ఇంజనుకు పెద్ద లెక్క కాదు. విశాఖలో కారును తినేది దూరం కన్నా ఉప్పుగాలి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద రేకు మాత్రం పొరలు పొరలుగా లేస్తూ ఉంటుంది. పైగా మీది హుద్‌హుద్ తుపానుకు ముందు కొన్న కారు. 2014 అక్టోబరులో ఈ ఊళ్లో చెట్ల కొమ్మలు పడి, రేకులు ఎగిరి తగిలి దెబ్బతిన్న కార్లెన్నో టింకరింగు, పెయింటింగు చేయించుకున్నాయి. మీ కారుకూ అలాంటి మరమ్మతు జరిగి ఉంటే ఆ చోట్లను మరింత జాగ్రత్తగా చూడాలి. మెకానిక్ చేత ర్యాంపు మీదికి ఎక్కించి, తలుపుల కింద పొడవునా ఉండే అంచును, జాకీ పెట్టే చోటును, చక్రాల పైకప్పును స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా మోగి పొట్టు రాలుస్తుంది. డ్రైవరు కాళ్ల దగ్గరి మ్యాటు, దాని కింది తివాచీ కూడా ఎత్తి చూడండి. అక్కడ తడి, ఎర్రటి మరక ఉంటే నీరు ఎటునుంచో లోపలికి వస్తున్నట్టే. తుప్పు పట్టకుండా అడుగున పూసే నల్లటి అండర్ కోటింగు కొత్తగా కొట్టించి ఉంటే దాని మాటున ఏముందో చూడకుండా నమ్మవద్దు. జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవరు మొన లోపలికి దిగిందంటే నేను పైన చెప్పిన ఆరు నెలల మాట వదిలేయండి. ఆ కారు మీద ఒక్క రూపాయి కూడా పెట్టకుండా, లోపం దాచకుండా చెప్పి వచ్చిన ధరకు అమ్మేయండి.

అడుగు గట్టిగా ఉంటే మెకానిక్ చెప్పిన 60 వేలను విడదీయించండి. గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా లంకెలపాలెం వరకు లారీల మధ్య నిత్యం వెళ్లాలి కాబట్టి బ్రేకులు, సస్పెన్షన్‌లో చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్ములు, టైర్లు తప్పనిసరి. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనది. తక్కువ తిరిగిన కార్ల టైర్లకు గాళ్లు అరగకుండానే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. మీ అనుమానం అక్కడ ఉండాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారు కాని కారు కాబట్టి పెట్రోలు గొట్టాలనూ ఒకసారి చూపించండి. క్లచ్ జారడం లేదు, పెడలు బరువుగా మాత్రమే ఉందంటే ముందు కేబులు మార్పించి చూడవచ్చు. ఏసీలో గ్యాసు నింపించడం కన్నా అది ఎక్కడ కారుతోందో కనిపెట్టడం ముఖ్యం. కూలింగు కాయిలు పోయి ఉంటే, అమ్మబోయే కారుకు ఆ ఖర్చు పెట్టాలో వద్దో ఆలోచించుకోవలసినదే. మే నెలలో విశాఖ ఉక్కపోత తెలిసినవాణ్ని కనుక ఏసీ లేకుండా వెళ్లమని మాత్రం అనలేను.

మీ లేఖలో కంపెనీ బస్సు ప్రస్తావన లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. పరవాడ వైపు పనిచేసే కంపెనీల్లో చాలావరకు నగరం నుంచి ఉద్యోగులకు బస్సులు నడుపుతాయి. చేరే ముందే హెచ్.ఆర్. విభాగాన్ని అడిగి, మీ షిఫ్టుకు, మీ ఇంటి దగ్గరి హైవేకు కుదిరే రూటు ఉందేమో తెలుసుకోండి. వారంలో మూడు రోజులు బస్సులో వెళ్లినా పాత కారు మీద భారం సగానికి సగం తగ్గుతుంది.

పైన దాటవేసిన అసలు కారణం భద్రత. మన దేశంలో కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఆ ఏడాది జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. ముందు సీటు ప్రయాణికుడికి ఎయిర్‌బ్యాగు పాత మోడళ్లకు కూడా 2022 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. 2012 నాటి తక్కువ ధర వేరియంట్లలో ఇవి చాలావరకు ఉండేవి కావు. సిరిపురం దాకా వెళ్లివచ్చినప్పుడు పట్టించుకోని ఈ లోటు స్టీలు ప్లాంటు, గంగవరం పోర్టు లారీలు తిరిగే హైవే మీద బరువైనది. అందుకే కారు మార్చాలని మొదటే చెప్పాను. అయితే దానికి సరికొత్త కారే కానక్కరలేదు. 2022 తరువాతి సెకండ్ హ్యాండ్ కారు తక్కువ అప్పుతో ఈ అవసరం తీరుస్తుంది. చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి, అంతకు ముందటి కొత్త కారు ధరను చూపించి పాత కారుకు ఎక్కువ అడిగేవారి మాట వినవద్దు. మీ అపార్టుమెంటు పార్కింగులో సొంత మీటరు నుంచి చార్జింగు పెట్టుకునే వీలుంటే విద్యుత్ కారు కూడా చూడవచ్చు. రోజుకు 60 కిలోమీటర్లు దానికి అనువైన దూరం.

అమ్మేటప్పుడు ఎక్స్ఛేంజ్ ధరను, కొత్త కారు మీద ఇచ్చే తగ్గింపును వేర్వేరుగా రాసి ఇమ్మని షోరూమ్‌వారిని అడగండి. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడం అప్పుడే కనబడుతుంది. క్లెయిమ్ చేయకుండా గడిచిన ఏళ్లకు బీమాలో వచ్చే నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది; వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం వరకు ఉంటుంది. పాత పాలసీ రద్దు చేసేటప్పుడు బీమా కంపెనీ నుంచి ఆ పత్రం తీసుకుని కొత్త పాలసీకి మార్పించుకోండి. ఆర్‌సీ మీద పాత అప్పు తాలూకు హైపోతికేషన్ (కారు తాకట్టులో ఉన్నట్టు నమోదు) ఇంకా ఉందేమో ఇప్పుడే చూసుకుని తీయించండి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తాళం చేతులు ఇచ్చేసినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. రవాణా శాఖ రికార్డులో పేరు మారేదాకా ఆ కారు వల్ల ప్రమాదం జరిగితే బాధ్యత మీ మీదికి రావచ్చు. పేరు మారినట్టు ఆన్‌లైన్‌లో మీ కళ్లతో చూసేవరకు కొన్నవారి ఫోను నంబరు, డెలివరీ నోటు మీ దగ్గరే ఉంచుకోండి.