నాలుగు రకాల మొక్కలూ పండిపోతుంటే పల్లాకు తెగులు అంటారా?

ప్రశ్న: తెనాలి దగ్గర మా పెరట్లో రెండు సెంట్లలో పర్మాకల్చర్ (ప్రకృతిని అనుసరించే శాశ్వత సాగు) పద్ధతిలో కూరగాయలు మొదలుపెట్టాం. ఎత్తు మడులు చేసి, మట్టిలో నాలుగు బస్తాల రంపపు పొట్టు కలిపాం. నెల తిరిగేసరికి బెండ, వంగ, టమాటా, గోంగూర ఆకులు కింద నుంచి పసుపు రంగుకు తిరిగాయి. షాపులో పల్లాకు తెగులు, అంటే తెల్లదోమ తెచ్చే వైరస్ తెగులు అన్నారు. ఆ దోమకని ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఏం చేయాలి?

జవాబు: ఇది పల్లాకు తెగులు కాదు. అదైతే బెండ లేత ఆకుల్లో ఈనెలు పసుపెక్కి వలలా కనిపిస్తాయి, కాయలూ పాలిపోతాయి. నాలుగు రకాల్లోనూ ముదురు ఆకులే ముందు పండుతున్నాయంటే నత్రజని లోపం. తెచ్చింది మీ రంపపు పొట్టే. పచ్చి పొట్టును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని ముందు తామే వాడుకుంటాయి. పొట్టు పైన పరిస్తే పర్వాలేదు, లోపల కలపకూడదు.

ఇప్పుడు మడులు తవ్వకండి, వేర్లు తెగుతాయి. చదరపు మీటరుకు 2 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేపపిండి వేసి పైపైన కలిపి తడి ఇవ్వండి. లీటరు ఆవు మూత్రానికి 10 లీటర్ల నీరు కలిపి, మొక్క మొదట్లో అర లీటరు చొప్పున వారానికోసారి, మూడు వారాలు పోయండి. జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం పులియబెట్టిన ద్రావణం) పోయండి గానీ అదొక్కటే ఎరువనుకోకండి. ఖాళీ మడిలో జనుము చల్లి, పూత మొదలవగానే కోసి అక్కడే పరవండి.

మట్టి పరీక్ష ఊసే రాయలేదు. మడులు కట్టక ముందే చేయించాల్సింది. ఇప్పుడైనా పొట్టు, ఎరువు పడని స్థలంలో 8 నుంచి 10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు వెంట పలుచగా మట్టి తీయండి. అంతా కలిపి నీడలో ఆరబెట్టి, అర కిలో భూసార పరీక్ష కేంద్రానికి ఇవ్వండి. చెట్ల కింద, పెంటకుప్ప పక్కన తీసిన మట్టి పనికిరాదు. బోరు నీరు ఒక లీటరు కూడా పంపండి. ఈ పని చేయకుండా షాపుకెళితే వాళ్లు ఏదో ఒక డబ్బా అంటగడతారు. మొక్కను చూడకుండా తెగులు పేరు చెప్పేవాళ్ల మాట మీద, ఇంట్లో తినే కూర మీద మందు కొడతారా?

మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో ఇమిడాక్లోప్రిడ్ డబ్బా లేబుల్‌పై చూసి, అవి దాటే వరకు బెండ, టమాటా కాయలు కోయకండి; లేబుల్‌లో వంగ పేరు లేకుంటే ఇప్పుడున్న వంకాయలు తినకండి. గోంగూర మీద ఇమిడాక్లోప్రిడ్ కొట్టాల్సిన మందే కాదు, ఇప్పుడున్న ఆకు దూసి పారేయండి.