కోట గుమ్మం ఎటువైపుంది?

తమ్ముడూ,

నీ కథ అందింది. ‘గురువుగారూ’ అని మొదలుపెట్టావు. ఆ బరువు నాకొద్దు, అన్నయ్యా అను చాలు.

కథలో యుద్ధం తొమ్మిది పేజీలుంది. రెండుసార్లు చదివాను. కత్తులు ఖణేల్మన్నాయి, నెత్తురు ఏరులై పారింది, తలలు బంతుల్లా దొర్లాయి. అంతా అయ్యాక కూడా నాకొక సంగతి బోధపడలేదు. ఆ కోట గుమ్మం ఎటువైపుంది? శత్రువులు ఏ దిక్కునుంచి వచ్చారు? నీ నాయకుడు నిలబడింది లోపలా, బయటా? ఇవి తెలియకపోతే ఎవడు ఎవణ్ణి నరికినా నాకు ఒకటే.

సినిమాల్లో యుద్ధాలు చూసి రాయడం నేర్చుకుంటున్నానన్నావు. తప్పేం లేదు, నేనూ అలాగే నేర్చుకున్నాను. నాకు నచ్చినవేవో చెప్పమన్నావు. పది సినిమాల పట్టీ రాసిస్తే నీకేం ఒరగదు. ఒకదాని దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఓపిక పట్టు.

జపాను దర్శకుడు కురొసావా 1954లో తీసిన ‘సెవెన్ సమురాయ్’. చూశానంటావేమో, మళ్ళీ చూడు. ఈసారి కత్తుల్ని వదిలేసి లెక్కలు చూడు. బందిపోట్లు 40 మంది. ఊరిని కాయడానికి వచ్చిన సమురాయ్‌లు, అంటే కత్తియోధులు, ఏడుగురు. వాళ్ళలో పెద్దవాడు కంబేయి ముందు ఊరంతా కాలినడకన తిరుగుతాడు, పటం గీయిస్తాడు. ఒకవైపు కంచె కట్టిస్తాడు, ఒకవైపు పొలాలు నీళ్ళతో నింపిస్తాడు, ఒకవైపు వంతెన తీయించేస్తాడు. ఒక్క దారి మాత్రం తెరిచే ఉంచుతాడు. మంచి కోటకి ఒక సందు ఉండాలి, శత్రువు అక్కడికే రావాలి అన్నది అతని ఎత్తు. వాగు అవతల మూడిళ్ళున్నాయి, వాటిని వదులుకోక తప్పదంటాడు. ఆ ఇళ్ళవాళ్ళు ఈటెలు పారేసి వెళ్ళిపోబోతే కత్తి దూసి వెనక్కి తోలతాడు. అసలు పోరు మొదలవకముందే ఆ ఊరు మనకి కంఠతా వచ్చేస్తుంది.

తర్వాత కాగితం మీద 40 సున్నాలు. బందిపోటు చచ్చినప్పుడల్లా ఒక సున్నా కొట్టేస్తాడు. ఇక తుపాకుల సంగతి. బందిపోట్ల దగ్గర మూడున్నాయి. ఒకటి ఏడుగురిలో ఒకడైన క్యూజో రాత్రివేళ ఒంటరిగా వెళ్ళి ఎత్తుకొస్తాడు. ఇంకోటి ఆ ఏడుగురిలోనే ఇంకొకడు, కికుచియో తెస్తాడు. మిగిలింది ఒక్కటే. ఆఖరి ఉదయం హోరున వాన, మోకాలిలోతు బురద. మిగిలిన 13 మంది బందిపోట్లనీ లోపలికి రానిచ్చి దారి మూసేస్తారు. అప్పుడు మన చూపు కత్తుల మీద ఉండదు. ఆ ఒక్క తుపాకీ ఎక్కడుందా అని వెతుక్కుంటూ ఉంటాం. అందరిలోకీ కత్తి పనితనం ఉన్న క్యూజో దానికే కూలిపోతాడు. ఏడుగురిలో పోయిన నలుగురూ తూటాలకే పోయారు, కత్తివేటుకి ఒక్కడూ పోలేదు. కత్తుల కాలం చెల్లిపోయిందని ఎవరి చేతా డైలాగు చెప్పించలేదు చూడు. నువ్వయితే సేనాపతి చేత ఒక పేరా చెప్పించేవాడివి. నీ వయసులో నేను రెండు పేరాలు చెప్పించేవాణ్ణి.

ఈ విద్య జపాను సొత్తేం కాదు. మనకి పద్మవ్యూహం ఉంది. అభిమన్యుడికి లోపలికి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఆ మాట అతను రథం ఎక్కకముందే మన చెవిన వేసేశారు. వెనకే వస్తామన్న భీముడు వాళ్ళని సైంధవుడు ఆపేశాడు. ఆ దారి మూసుకుపోవడంతోనే వినేవాడి గొంతు పూడుకుపోతుంది, లోపల ఎన్ని బాణాలు తగిలాయన్నది ఆ తర్వాతి సంగతి.

‘ది టూ టవర్స్’ (2002)లో హెల్మ్స్ డీప్ కోట దగ్గర యుద్ధం నీకు ప్రాణమన్నావు. ఎందుకు ప్రాణమో ఆలోచించావా? ఆ రాతిగోడకి ఒక్క లోపం ఉంది, అడుగున నీళ్ళు పోయే తూము. ఆ సంగతి శత్రువు కొలువులో మన ఎదుటే మాట్లాడుకుంటారు. అందుకే కాగడా పట్టుకుని ఒకడు తూము వైపు పరిగెడుతుంటే మనం కుర్చీ అంచుకి జరుగుతాం. వాడు పరిగెత్తేది మనకి తెలిసిన చోటికి. ముందు చెప్పకుండా గోడ పేలిపోయి ఉంటే ‘అబ్బ, గ్రాఫిక్స్ బాగున్నాయి’ అనుకుని ఊరుకునేవాళ్ళం.

అందులోనే నాకు ఇంకా ఇష్టమైన ముక్క ఒకటుంది. వాన పడుతోంది, 10,000 మంది రాక్షసమూక గోడ ముందు నిలబడ్డారు, ఎవరూ కదలరు. గోడ మీద ఒక ముసలాయన పట్టు జారి బాణం వెళ్ళిపోతుంది. అంత పెద్ద యుద్ధమూ ఒక ముసలిచేతి వణుకుతో మొదలవుతుంది. (ఆ మూక అరుపుల కోసం వెల్లింగ్టన్‌లో క్రికెట్ మ్యాచ్‌కి వచ్చిన జనం చేత అరిపించి రికార్డు చేశారు. రాక్షసుల గొంతు వెనక క్రికెట్ అభిమానులున్నారని తెలిశాక నాకు నవ్వాగలేదు.)

నా భాగోతం కూడా చెప్పాలి, లేకపోతే పెద్దరికం వెలగబెడుతున్నాననుకుంటావు. నా మొదటి చారిత్రక నవలలో నాయకుడి గుర్రం యుద్ధం మొదట్లోనే గుండెలో బాణం దిగి చచ్చింది. నాలుగు పేజీల తర్వాత నాయకుడు దాని మీదే ఎక్కి కందకం దూకాడు. అచ్చయ్యేదాకా ఎవరూ చూసుకోలేదు. ఒక పాఠకుడు కార్డు రాశాడు: ‘గుర్రం కోలుకున్నందుకు సంతోషం.’ అంతే, ఇంకో మాట లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. అప్పటినుంచి యుద్ధం రాసేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకుంటాను. దాని మీద గోడలు, దారులు, బతికున్నవాళ్ళు, చచ్చినవాళ్ళు, గుర్రాలు.

చప్పుళ్ళ సంగతి. నీ తొమ్మిది పేజీల్లో ‘భీకరం’ 11 సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. మళ్ళీ కురొసావాయే గుర్తొస్తున్నాడు. 1985లో తీసిన ‘రాన్’లో కోట మీద దాడి ఉంటుంది. మంటలు, బాణాలు, కుప్పలుగా శవాలు. ఒక్క చప్పుడు వినిపించదు. అరుపుల్లేవు, గుర్రపు డెక్కల్లేవు. తకెమిత్సు సంగీతం ఒక్కటే, శోకంలా సాగుతూ ఉంటుంది. ఉన్నట్టుండి ఒక తుపాకీ పేలుతుంది. రాజుగారి పెద్దకొడుకు గుర్రం మీదనుంచి ఒరిగిపోతాడు. అక్కణ్ణుంచి లోకంలో చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. రీరికార్డింగ్‌లో మోత పెంచితే గొప్పదనం వస్తుందనుకునేవాళ్ళకి అది చూపించాలి. కాగితం మీద కూడా అంతే. పేజీ అంతా కేకలయితే ఏ కేకా వినపడదు.

జనం ఎక్కువుంటే యుద్ధం పెద్దదవుతుందని కూడా అనుకోకు. 1970 నాటి ‘వాటర్లూ’ కోసం సోవియట్ సైనికుల్నే వేలకొద్దీ మైదానంలో దించారు. పైనుంచి తీసిన షాట్లకి నేనూ నోరు తెరిచాను, కాదనను. కానీ నాకు బాగా గుర్తున్నది దానికి అయిదేళ్ళ ముందు ఆర్సన్ వెల్స్ 200 మంది కూడా లేకుండా తీసిన ‘చైమ్స్ ఎట్ మిడ్‌నైట్’ యుద్ధం. ముందు జెండాలతో, ఠీవిగా మొదలవుతుంది. పోనుపోను బురదలో మనిషి ఎవరో మట్టి ఎవరో తెలియనంతగా కలిసిపోతారు. మధ్యలో ఫాల్‌స్టాఫ్ అనే లావుపాటి పిరికి యోధుడు ఇనప కవచంలో గుండ్రంగా బిందెలా కనిపిస్తూ, ఏ చెట్టు చాటు దొరుకుతుందా అని పరుగులు. చూస్తుంటే నాకు మన ఉత్తరకుమారుడు గుర్తొచ్చాడు. అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేన కనపడగానే రథం దూకి పారిపోయినవాడు. నీ కథలో భయపడినవాడు ఒక్కడూ లేడు. అందుకే నాకూ భయం వేయలేదు.

నువ్వు వెంటనే అడుగుతావని తెలుసు: ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ (1998) మొదట్లో అంతా గందరగోళమే కదా, అక్కడ పటం ఏదీ? నిజమే, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికులు పడవల్లో దిగిన ఆ ఒమాహా తీరంలో ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఒకటి చూడు. వెనక సముద్రం, ముందు గుట్ట మీద మెషీన్‌గన్లు, మధ్యలో ఇసుక. దిక్కులు మనకి ఒక్క క్షణం కూడా తప్పవు. గందరగోళం మనుషులది, దర్శకుడిది కాదు. పైగా పడవలో ఉండగానే కెప్టెన్ చెయ్యి వణకడం చూపించాడు. ఆ చెయ్యి పట్టుకునే మనం గట్టెక్కుతాం.

‘బాహుబలి’ (2015) గురించి ఒక్క మాటే, మిగతాది నీకే బాగా తెలుసు. త్రిశూల వ్యూహం, కత్తులు తిరిగే రథం, అవి సరే. కాలకేయులు బందీలైన జనాన్ని అడ్డం పెట్టుకున్నప్పుడు ఒకడు వాళ్ళ మీదుగానే రథం తోలాడు, ఇంకొకడు వాళ్ళని తప్పించి కొట్టాడు. శత్రువుని చంపినవాడికి కాకుండా జనాన్ని కాచినవాడికి పట్టం కట్టింది శివగామి. యుద్ధం గెలుపు కోసమే అయినా, ఆ సీను నిలబడింది ఆ ఎంపిక మీద. నీ నాయకుడు తొమ్మిది పేజీల్లో ఏదైనా ఎంచుకున్నాడా? నరకడం తప్ప?

కురుక్షేత్రాన్ని మనం ఎవరి నోటినుంచి వింటున్నామో ఎప్పుడైనా గమనించావా? సంజయుడు ఒక గుడ్డితండ్రికి చెబుతున్నాడు. పడిపోయిన ప్రతివాడూ వింటున్నవాడికి కొడుకో, మనవడో, పెదతండ్రో, కొడుకుల గురువో. అందుకే అక్కడ అంకెలు కూడా ఏడిపిస్తాయి. నీ యుద్ధాన్ని ఎవరు చూస్తున్నారు? ఎవరికి చెబుతున్నారు? ఎవరూ లేరు. ఆకాశంలోంచి ఎవరో చూసి రాసినట్టుంది.

నిజానికి ఒకడున్నాడు. రెండో పేజీలో కోట బావి దగ్గర నీళ్ళు తోడుతూ ఒక కుర్రాణ్ణి పెట్టావు. చేద జారిపోతే సైనికులు నవ్వుతారు. కథ మొత్తంలో నాకు నచ్చిన వాక్యాలు అవే నాలుగు. బాణాలు మొదలవగానే వాడు మాయమైపోయాడు. తర్వాత ఎక్కడా కనపడలేదు. రోజూ ఆ కోటలో నీళ్ళు మోసేవాడు కదా, గుమ్మం ఎటువైపుందో వాడికి తెలిసే ఉంటుంది. వాణ్ణి అడిగి నాకు రాయి.

మీ అన్నయ్య