‘చక్రవడ్డీ’లో చక్రం ఎక్కడిది?

సందేహం: మా అబ్బాయికి లెక్కలు చెబుతుంటే ఒక అనుమానం వచ్చింది. వాడి పుస్తకంలో ‘సాధారణ వడ్డీ’ అని ఉంది. మేం చదువుకున్న రోజుల్లో ‘బారువడ్డీ’ అనేవాళ్ళం. ఏది సరైనది? ఇంకొకటి: అప్పు మీదైతే ‘చక్రవడ్డీ’ అంటున్నారు, పెట్టుబడి మీదైతే ‘కాంపౌండింగ్’ అంటున్నారు. ఇవి రెండూ వేరువేరా? – ఒక పాఠకురాలు

సమాధానం: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, అది చిన్నది. వేరు కావు. లెక్క ఒకటే, సూత్రం ఒకటే. కట్టేవాడికి చక్రవడ్డీ, పుచ్చుకునేవాడికి కాంపౌండింగ్. చక్రవడ్డీ అనగానే తాకట్టులూ జప్తులూ గుర్తొస్తాయి కాబట్టి, మదుపు పథకాలు అమ్మేవాళ్ళు ఆ మాటను నోటికి రానివ్వరు. మంచి మాటకు చెడ్డపేరు వస్తే దాన్ని బాగుచేసుకోవాలి గానీ ఇంగ్లీషు మాట తెచ్చి ముసుగు వేస్తే ఎలా?

ఇక అసలు మాట ‘వడ్డి’. ఇది సంస్కృతంలోని ‘వృద్ధి’కి బిడ్డ. ప్రాకృతంలో ‘వడ్ఢి’ అయి, మన దగ్గరకు వచ్చేసరికి ఒత్తు తేలికపడి ‘వడ్డి’ అయింది. కన్నడంలో బడ్డి, తమిళంలో వట్టి. వృద్ధి అనగానే మనకు బడిలో చదివిన వృద్ధి సంధి గుర్తుకొస్తుంది. పాణిని వ్యాకరణం మొదలయ్యేదే ఆ మాటతో: ‘వృద్ధిరాదైచ్’. అదే పాణిని అయిదో అధ్యాయంలో వృద్ధి, ఆయం, లాభం, శుల్కం అంటూ వరసగా చెప్పే సూత్రం ఒకటి ఉంది. అక్కడ వృద్ధి అంటే అచ్చంగా వడ్డీయే. పదికి పదకొండు రాబట్టే వడ్డీవ్యాపారికి ‘దశైకాదశికుడు’ అనే పేరు కూడా ఆయన వ్యాకరణంలోనే సిద్ధిస్తుంది. వ్యాకరణవేత్తకు వడ్డీలెక్కలు పట్టవని ఎవరన్నారు!

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇంకొకటుంది. విస్తట్లో అన్నం ‘వడ్డించడం’లో ఉన్నదీ ఈ వృద్ధేనని నా నమ్మకం. పప్పు వడ్డించడానికీ వడ్డీకీ చుట్టరికం ఏమిటని నవ్వకండి. మరాఠీలో ‘వాఢణే’ అంటే పెరగడం, అన్నం వడ్డించడం కూడా అదే. పాలీలో ‘వడ్ఢేతి’ అంటే పెంచుతాడు, ఆ మాటనే అన్నం పళ్ళెంలో పెట్టడానికీ వాడారు. కన్నడంవారికి వడ్డీ ‘బడ్డి’ అయితే వడ్డించడం ‘బడిసు’. ఇన్ని భాషల్లో ఈ రెండు అర్థాలూ ఇంత దగ్గరగా కనబడుతుంటే కాకతాళీయం అనుకోలేను. విస్తట్లో ఉన్నదానికి ఇంకాస్త చేర్చడమే కదా వడ్డన! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. వడ్డీ వేసేవాడి విషయంలో ఆ భరోసా లేదు, అది వేరే సంగతి.

‘వడ్డి’నా, ‘వడ్డీ’నా అని మీరు అడగలేదు. అయినా చెబుతాను. పాత నిఘంటువుల్లో హ్రస్వమే. కచేరీ, నౌకరీ లాంటి మాటల పక్కన తిరిగి తిరిగి దీనికీ దీర్ఘం అంటుకుందేమో. నేను హ్రస్వం రాస్తూ వచ్చినవాణ్ణే. కానీ బహువచనం దగ్గర ‘వడ్డులు’ అని రాయాల్సి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ‘వడ్డీలు’ హాయిగా పలుకుతుంది. అందుకని ఇందులో నేను పట్టుబట్టను.

‘చక్రవడ్డీ’ని మాత్రం కొందరు పండితులు వైరిసమాసమని ముఖం చిట్లిస్తారు. చక్ర అనే సంస్కృత రూపానికి వడ్డీ అనే తెలుగైపోయిన మాటను అంటించాం మరి. పూర్వరూపం ‘చక్రవృద్ధి’. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో, తీసుకోకూడని వడ్డీల్లో దీన్ని చేర్చారు. వృద్ధికి మళ్ళీ వృద్ధి అని ధర్మశాస్త్రాలు చెప్పిన అర్థమే మనదీనూ. తమాషా ఏమిటంటే, అదే అధ్యాయంలో మూడు శ్లోకాలు దాటగానే చక్రవృద్ధి మళ్ళీ వస్తుంది, అక్కడ వ్యాఖ్యాతలు బండి బాడుగ అని అర్థం చెప్పారు! చక్రం ఉంది కాబట్టి బండి. ఒకే మాటకు అంత దగ్గరలో రెండు అర్థాలు.

నిజానికి ఈ చక్రం ఉపమానం నాకు పూర్తిగా నచ్చదు. చక్రం ఎంత తిరిగినా దాని కొలత మారదు, చక్రవడ్డీ మాత్రం తిరిగిన కొద్దీ ఊరుతుంది. వడ్డీ తిరిగి వచ్చి అసలులో కలుస్తుంది, ఆ తిరిగిరావడమే చక్రం అని సరిపెట్టుకోవాలి. నూరును ఏడాదికి 8 శాతం చొప్పున పదేళ్ళు ఉంచితే బారువడ్డీ 80, మొత్తం 180. ఏటేటా అసలులో కలుపుతూ పోతే 215.89. మూణ్ణెల్లకోసారి కలిపితే 220.80. శాతం మారలేదు, కాలం మారలేదు, మారింది చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నదే. అందుకే ‘ఎంత వడ్డీ’ అని ఒక్కటే అడిగి ఊరుకోకూడదు, ‘ఎన్నాళ్ళకోసారి కలుపుతారు’ అని కూడా అడగాలి. నూరు రెట్టింపు కావడానికి బారువడ్డీలో పన్నెండున్నరేళ్ళు పడుతుంది. చక్రవడ్డీలో ఎన్నేళ్ళో ఉజ్జాయింపుగా తెలియాలంటే 72ను వడ్డీ శాతంతో, ఇక్కడ 8తో, భాగించి చూడండి, దాదాపు తొమ్మిదేళ్ళే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. బారు అంటే పొడవు, వరస అని కూడా. బారులు తీరారు, బారెడు పొద్దెక్కింది అంటాం కదా. ఏటా అంతే కొలత, వంకర లేకుండా సాగిపోయే వడ్డీ కాబట్టి బారువడ్డీ అయి ఉంటుందని నా ఊహ. గ్రాఫు గీస్తే వచ్చేదీ తిన్నని గీతే. ‘సాధారణ’ అన్న మాటలో ఈ బొమ్మ లేదు. పైగా సాధారణం అంటే మామూలుగా జరిగేది. మామూలుగా ఇప్పుడు పొదుపు మీద జరుగుతున్నది చక్రవడ్డీయే! ఇంగ్లీషు మాటకు ఎదురుగా నిఘంటువులో మొదట కనబడ్డ అర్థం పెట్టేస్తే ఇలాగే ఉంటుంది.

ఇక వడ్డీ పుట్టే ‘అసలు’ అరబ్బీ నుంచి వచ్చింది, చెట్టు వేరు అని అర్థం. సంస్కృతం ‘మూలం’ అన్నా ఆ చెట్టు వేరే. ఆర్యభటుడు వడ్డీని ‘ఫలం’ అన్నాడు.

ఒక్క మందలింపు, ఇది మీకు కాదు, వార్తలు రాసేవారికి. వడ్డీ 6 నుంచి 8 శాతానికి చేరితే ‘2 శాతం పెరిగింది’ అని రాస్తున్నారు. పెరిగింది 2 పాయింట్లు, శాతంలో చెప్పాలంటే మూడోవంతు, అంటే 33 పైమాటే. అలాగే ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు అని, ఏడాదికి 24 శాతమని పిల్లలకు చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు.

మీ అబ్బాయికి బారువడ్డీ అనే నేర్పండి. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి, మార్కులు వేసేది నేను కాదు.