ఏడు దేశాల ప్యాకేజీకి అప్పు చేయాలా?

ప్రశ్న: మాది రాజమండ్రి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా వారు విద్యుత్ శాఖలో ఉద్యోగి. ఇద్దరికీ కలిపి నెలకు లక్షా పది వేలు చేతికొస్తాయి. మా పాప ఎనిమిదో తరగతి. బొమ్మలు బాగా వేస్తుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్ చూడాలని ఏడాదిగా ఒకటే పట్టు. వచ్చే వేసవిలో వెళ్దామని ట్రావెల్స్‌లో అడిగితే 12 రోజులు, ఏడు దేశాలు, మనిషికి 3.4 లక్షలు అన్నారు. విడిగా 2.2 లక్షలు ఉన్నాయి. మిగతా 8 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? లేదా పాప సుకన్య సమృద్ధి ఖాతాకు రెండేళ్ళు కట్టడం ఆపితే సరిపోతుందా? అక్కడ కారు అద్దెకు తీసుకుని తిరుగుదామని మా వారి ఆలోచన.

జవాబు: టీచర్ గారూ, మీరు పంపిన ప్యాకేజీ కాగితం రెండుసార్లు చదివాను. ఇటలీ తొమ్మిదో రోజున వస్తుంది. ఆ రోజు ఉదయం పీసా, మధ్యాహ్నం ఫ్లోరెన్స్, రాత్రికి రోమ్ శివార్లలో బస. ఫ్లోరెన్స్ పక్కన రాసిన మాట ‘ఫోటో స్టాప్’. మీ పాప ఏడాదిగా అడుగుతున్న ఊరికి దక్కింది మూడు గంటలు. బస్సు దిగి లోపలికి నడిచే టైమ్ కూడా అందులోనే. ఇందుకు పది లక్షల ఇరవై వేలు!

ముందు అప్పు సంగతి. 8 లక్షలు 13 శాతం వడ్డీకి మూడేళ్ళకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 27 వేలు, మొత్తం వడ్డీ 1.7 లక్షలు. పాప ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసేదాకా మీరు ఈ ప్రయాణానికే కడుతుంటారు. నెలకు 27 వేలు కట్టగలమని మీరే లెక్క వేసుకున్నారు కదా, అందులో 20 వేలు ముందే దాచుకుంటే బ్యాంకు గడప తొక్కే పనేముంది? ఈ నెల నుంచి 14 నెలలు ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, కట్టండి. 2.8 లక్షలు, పైన కాస్త వడ్డీ. ఉన్న 2.2 లక్షలతో కలిపితే 5 లక్షలు. ఈ డబ్బును మ్యూచువల్ ఫండ్లలో మాత్రం పెట్టకండి. ఏడాదిలో తీసేసే డబ్బుకు ఆ ఒడిదుడుకులు పడవు.

అంటే ప్రయాణం వచ్చే వేసవిలో కాదు, ఆ పై జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో. పండక్కి ఊరెళ్ళకపోతే అత్తగారు ఏమంటారో నాకు తెలియదు, అది మీరే చూసుకోవాలి. కానీ జనవరి మొదటి వారం దాటాక అక్కడ రద్దీ బాగా తగ్గుతుంది, హోటళ్ళు, విమానాలు దిగొస్తాయి. చలి ఉంటుంది, సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. మేలో వెళ్తే వెలుతురు ఎక్కువ, క్యూలు అంతకన్నా ఎక్కువ. పాప అప్పటికి తొమ్మిదిలో ఉంటుంది, పదో తరగతి టెన్షన్ ఇంకా మొదలవదు.

సుకన్య ఖాతా జోలికి వెళ్ళొద్దు. మీరు చూడబోయే ఊరిలోనే 1425లో ఇలాంటి పథకం ఒకటి పెట్టారు. దాని పేరు మోంటె దెల్లె దోతి. చిన్నపిల్ల పేరిట తండ్రి డబ్బు కడితే, కొన్నేళ్ళ తర్వాత వడ్డీతో కలిపి ఆమె కట్నంగా నగర ప్రభుత్వమే ఇచ్చేది. కట్టిన డబ్బుతో నగరం తన అప్పులు తీర్చుకునేది. తేడా ఒక్కటే, అక్కడ ఆ సొమ్ము అల్లుడి చేతికి వెళ్ళేది. మీ పాప డబ్బు పాప చదువుకే వెళ్తుంది. అలాగే ఉండనివ్వండి.

ఇప్పుడు 5 లక్షల లెక్క. యూరోను 110 రూపాయలుగా వేసుకున్నాను. ఎక్కువ అనిపించినా ఫర్వాలేదు, తక్కువ వేసుకుంటేనే చిక్కు. హైదరాబాద్ నుంచి రోమ్‌కు రానుపోను మనిషికి 70 వేలు, ముగ్గురికి 2.1 లక్షలు. ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు. సర్వీసు చార్జీలు, ప్రయాణ బీమా కలిపి ముగ్గురికి 38 వేలు. బీమా కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు ఉండాలన్నది వీసా నిబంధన. ఏడు రాత్రుల బసకు, హోటల్లో విడిగా కట్టించుకునే సిటీ ట్యాక్స్‌తో కలిపి 93 వేలు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగం రైల్లో గంటన్నర, రానుపోను 20 వేలు. తిండికి 54 వేలు, మ్యూజియంలకు 28 వేలు. మిగిలినది చేతిలో ఉంచుకోండి. విమానం టికెట్లు మూడు నాలుగు నెలల ముందు కొనాలి, దానికి ఇప్పుడున్న 2.2 లక్షలు వాడండి. మీ వారు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి శాఖ అనుమతి కాగితం ఆలస్యమవుతుంది, అర్జీ ముందే పెట్టమనండి.

మ్యూజియంల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ డబ్బు పోయేదీ, కలిసొచ్చేదీ అందులోనే. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలలో 18 ఏళ్ళ లోపు పిల్లలకు, ఏ దేశం వాళ్ళకైనా ప్రవేశం ఉచితం. మీ పాపకు కట్టాల్సింది బుకింగ్ రుసుము మాత్రమే. వయసు రుజువుకు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. పెద్దలకు ఉఫిజీ గ్యాలరీ టికెట్ బుకింగ్‌తో కలిపి 30 యూరోల లోపు. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ ఉన్న అకాడమియా అంతకన్నా తక్కువ. రెండూ సోమవారం మూసి ఉంటాయి. మ్యూజియం సొంత వెబ్‌సైట్లోనే బుక్ చేయండి, మధ్యవర్తుల సైట్లు అదే టికెట్‌ను రెట్టింపుకు అమ్ముతాయి. నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితమంటారు. నిజమే, కానీ ఆ రోజు బుకింగ్ ఉండదు, ఊరంతా అక్కడే ఉంటుంది.

ఆరేళ్ళ కిందట మా ఆవిడా నేనూ బుకింగ్ లేకుండా ఉఫిజీకి వెళ్ళాం. ఊరివాళ్ళ డబ్బుకు సలహాలు చెప్పే మనిషిని, నాలుగు యూరోలు మిగులుతాయని రెండున్నర గంటలు క్యూలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళేసరికి బొత్తిచెల్లి గీసిన వీనస్ ముందు నా కళ్ళు బొమ్మను కాదు, కూర్చోవడానికి బెంచీని వెతికాయి. మా ఆవిడ ఆ నాలుగు యూరోల మాట ఇప్పటికీ తీస్తుంటుంది.

అన్నట్టు ఆ బొమ్మలన్నీ ఇంకా ఆ ఊళ్ళోనే ఎందుకున్నాయో పాపకు చెప్పండి. ఒకప్పుడు ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదిచీ కుటుంబం 1397లో పెట్టిన బ్యాంకు 1494లో మూతపడింది. రాజులకు అప్పులిచ్చి రాబట్టుకోలేకపోవడం దానికి ఒక కారణం. వంశం మాత్రం ఇంకా రెండు వందల ఏళ్ళకు పైగా నిలిచింది. చివర మిగిలిన ఆడపడుచు అన్నా మరియా లూయీసా 1737లో ఒక ఒప్పందం రాసింది. కుటుంబం సేకరించిన కళాఖండాలు కొత్త పాలకులవి అవుతాయి, కానీ ఒక్కటి కూడా ఊరు దాటకూడదు. ఆస్తి పంపకాల కాగితాలు చాలా చూశాను గానీ, ఒక్క షరతుతో ఒక ఊరికి ఇన్ని వందల ఏళ్ళు తిండిపెట్టిన కాగితం మరొకటి చూడలేదు.

ఫ్లోరెన్స్ పెద్ద చర్చి, అంటే కెథెడ్రల్, లోపలికి వెళ్ళడం ఉచితం. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉండాలి, చీరకు ఏ బెంగా లేదు. టికెట్టల్లా పైకెక్కడానికే. బ్రూనెలెస్కి 1420 నుంచి 1436 వరకు కట్టిన ఆ గుమ్మటానికి 463 మెట్లు, లిఫ్ట్ లేదు. రెండు గుమ్మటాలు ఒకదానిలో ఒకటి ఉన్నట్టు కట్టాడు, వాటి మధ్య సందులోంచే ఎక్కాలి. ఎదురొచ్చే మనిషికి దారివ్వాలంటే గోడకు అతుక్కోవాల్సిందే. గుమ్మటం ఎక్కే పాస్ సుమారు 30 యూరోలు, టైమ్ ముందే ఎంచుకోవాలి. మోకాళ్ళ నొప్పులని ఉత్తరం చివర రాశారు కాబట్టి, ఆ పాస్ తండ్రీకూతుళ్ళకు తీసుకోండి. మీకు ఎక్కే అవసరం లేని పాస్ చాలు, దాదాపు సగం ధర. వాళ్ళు పైన ఆయాసపడుతున్నంతసేపూ మీరు కెథెడ్రల్ వెనక మ్యూజియంలో ఉండొచ్చు. గిబెర్తి అనే శిల్పి 27 ఏళ్ళు పట్టి చేసిన కంచు తలుపుల అసలు జత అక్కడే ఉంది. బయట బాప్టిస్టరీకి (కెథెడ్రల్ ఎదుటి జ్ఞానస్నాన మందిరానికి) ఉన్నది నకలు.

బంగారం గురించి మీరు అడగలేదు. అయినా ముందే చెప్పడం నయం. పోంటె వెక్కియో వంతెన మీద రెండు వైపులా నగల కొట్లే. ఒకప్పుడు మాంసం కొట్లుండేవి, వాసన భరించలేక 1593లో ఫెర్దినాందో ప్రభువు వాటిని తీయించి కంసాలులను పెట్టించాడు. రాత్రి మూసేశాక ఆ చెక్క తలుపులు మన తాతల కాలపు భోషాణాల్లా ఉంటాయి, ఇనుప బద్దలతో సహా. కళ్ళారా చూడండి, కొనకండి. అక్కడి నగలు ఎక్కువగా 18 క్యారెట్లవి, 750 ముద్ర ఉంటుంది. మీరు రాజమండ్రిలో కొనేది 916. పనితనానికి ఇచ్చిన డబ్బు మన దగ్గర మార్చేటప్పుడు ఒక్క రూపాయీ తిరిగి రాదు. ఏడాదికి పైగా విదేశాల్లో ఉండి వచ్చేవాళ్ళకు ఇచ్చే బంగారం మినహాయింపు వారం రోజుల టూరిస్టుకు వర్తించదు. ఏదైనా కొనాలనిపిస్తే పాపకు మంచి స్కెచ్ పుస్తకం కొనండి.

కారు వద్దు. మీ వారికి కొంచెం కోపం రావచ్చు. ఊరి నడిబొడ్డంతా జెడ్‌టీఎల్, అంటే అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతం. ఆపే పోలీసు ఉండడు, కెమెరా ఫోటో తీస్తుంది. జరిమానా కొన్ని నెలల తర్వాత ఇంటికొస్తుంది, కారిచ్చిన కంపెనీ తన రుసుము విడిగా కార్డులోంచి లాగుతుంది. స్టేషన్ నుంచి కెథెడ్రల్‌కు నడిస్తే పావుగంట కూడా పట్టదు. ఆ చుట్టుపక్కలే గది తీసుకుంటే చాలు.

కార్డు గీకేటప్పుడు మిషన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడుగుతుంది. మన రూపాయి కనబడగానే వేలు అటే పోతుంది. యూరోలే నొక్కండి, రూపాయలకు వాళ్ళు కట్టే రేటు దండగ. మామూలు క్రెడిట్ కార్డు మీద 2 నుంచి 3.5 శాతం వరకు మార్కప్ అనే అదనపు రుసుము, దాని మీద జీఎస్టీ పడతాయి. ఫారెక్స్ కార్డు తీసుకుని చివరి మూడు నాలుగు నెలల్లో కొంచెం కొంచెంగా యూరోలు వేసుకోండి. ట్రావెల్స్ వాళ్ళు ప్యాకేజీ మీద ముందే పట్టే పన్ను, టీసీఎస్, ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగొచ్చేదే, కానీ అంతవరకు మీ డబ్బు చిక్కుకుంటుంది. ఆ శాతం కూడా బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతోంది.

తిండి దగ్గర ఒక్క మాట. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. భోజనానికి కూర్చుంటే మనిషికింత అని ‘కోపెర్తో’ కలుపుతారు, మోసం కాదు, అక్కడి పద్ధతి. రొట్టెలో ఉప్పు ఉండదు, కాబట్టి కందిపొడి తీసుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా మాత్రం ఇంట్లోనే వదిలేయండి, పాల పదార్థాలను యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు.

డబ్బు కట్టక్కర్లేనివి కూడా ఆ ఊళ్ళో చాలానే ఉన్నాయి. సిన్యోరియా కూడలిలో లాంజీ మంటపం కింద చెల్లీని అనే శిల్పి పోతపోసిన గ్రీకు వీరుడు పెర్సియస్ కంచు విగ్రహం ఎవరైనా ఎంతసేపైనా చూడొచ్చు, పాప కూర్చుని బొమ్మ గీసుకోవచ్చు. ఒక సాయంత్రం నది దాటి మైకెలాంజెలో మైదానం, దాని పైన సాన్ మినియాతో గుడి. ఇంకో పూట ట్రామెక్కి కాషీనె పార్కుకు వెళ్ళండి, చివరిదాకా నడవాలి. ఇంగ్లండ్ వెళ్ళి తిరిగొస్తూ 1870లో ఇరవై ఏళ్ళ వయసులో ఇక్కడ చనిపోయిన కొల్హాపూర్ మహారాజు రాజారామ్‌ను అక్కడే, ఆర్నో నది ఒడ్డున దహనం చేశారు. ఛత్రి కింద తలపాగాతో ఆయన ప్రతిమ ఉంది. పక్కనున్న వంతెనను అక్కడివాళ్ళు ఇప్పటికీ ‘ఇండియన్ వంతెన’ అనే పిలుస్తారు.

ఆర్‌డీ తెరవడానికి ముందు బీరువాలోంచి పాప పాస్‌పోర్టు తీసి తేదీ చూడండి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే ముగుస్తుంది. యూరప్ నుంచి బయల్దేరే రోజుకు ఇంకా మూడు నెలలైనా గడువు మిగిలి ఉంటేనే వీసా ఇస్తారు.