తీరంలో ఇంటికి అనుమతి ఎవరిస్తారు?

మీ దరఖాస్తును పంచాయతీ కలెక్టరేట్‌కూ, కలెక్టరేట్ పంచాయతీకీ తిప్పుతున్నాయంటే, మీ స్థలం ఏ సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) విభాగంలో ఉందో దరఖాస్తులో రాసి ఉండకపోవచ్చు.

1. తీర నిర్వహణ ప్రణాళిక పటంలో సర్వే నంబరు వెతకండి. చాలామంది వదిలేసేది ఇదే. అలలు ఎక్కడిదాకా వస్తున్నాయో చూసి దూరం కొలవకండి, పటంలో గీసిన పోటు రేఖే (పెద్ద పోటులో నీరు చేరే హద్దు) ప్రమాణం. ఆ పటం నకలు జతచేయండి.

2. పటం కేంద్రం ఇచ్చిన 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ కింద ఆమోదం పొందిందా? లేకపోతే 2011 నిబంధనలే వర్తిస్తాయి.

3. పొందితే, రెండు (ఇప్పటికే కట్టడాలున్న పట్టణ తీరం), మూడు (గ్రామీణ తీరం) విభాగాల్లో నిర్మాణానికి వీలున్న చోట 300 చదరపు మీటర్లలోపు సొంత ఇంటికి స్థానిక సంస్థే అనుమతిస్తుంది. ఇక కలెక్టరేట్ చుట్టూ తిరగనక్కర్లేదు.

ఒకటి (పర్యావరణపరంగా సున్నితమైన తీరం), నాలుగు (నీటి ప్రాంతం) విభాగాల్లో ప్రాజెక్టులైతే చాలావరకు కేంద్ర పర్యావరణ శాఖదే నిర్ణయం.